మంటకు ముందే సైరన్

అబ్రహాం ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు. అయినా చచ్చిపోయాడు.

కాలేబు వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. శామీర్‌పేట దాటాక, పొలాల మధ్య ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్. నాలుగు సీట్ల చిన్న విమానం, ముక్కుకు ఒకే ప్రొపెల్లర్. పైలట్ కీ తిప్పింది. ప్రొపెల్లర్ బద్ధకంగా కదిలింది. ముక్కు కింద భగ్గుమని మంట లేచింది. పైలట్ ఎడమ తలుపు తీసుకుని దూకింది. అబ్రహాం కుడి తలుపు తీసుకుని పరిగెత్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, రాడార్ల సైంటిస్టు, బాగానే పరిగెత్తాడు. అంబులెన్స్ వచ్చి ఆగింది. తన కాళ్ళ మీద తానే నడిచి ఎక్కాడు. హాస్పిటల్ దగ్గర మాత్రం శవాన్ని దించారు.

"గుండె ఆగిందన్నారు," అన్నాడు దేవానందం.

"గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

దేవానందం నవ్వలేదు. చీఫ్ నవ్వితే ఎవరికో మూడిందని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

వాళ్ళ గూఢచారి ఆఫీసు పద్మారావు నగర్‌లో ఒక హోమియో క్లినిక్ మేడ మీద ఉంది. కింద కౌంటర్లో కాంపౌండర్‌తో "మాత్రలు తియ్యగా లేవు" అనాలి. అతను "చేదువి పైన ఉన్నాయి" అంటాడు. అప్పుడు మెట్లెక్కొచ్చు. నిజంగా మాత్రలు తియ్యగా లేవని అడగడానికొచ్చిన ముసలాయన ఒకడు ఓసారి పైదాకా వచ్చేశాడు. రెండు గంటలు ఇంటరాగేషన్ చేసి, చివరికి కాఫీ ఇచ్చి పంపారు.

"ఇది రెండోది," అన్నాడు దేవానందం. "వేసవిలో ఒక సోనార్ ఇంజినీరు ఇదే స్ట్రిప్ నుంచి బయల్దేరాడు. ఇలాగే స్టార్టింగ్‌లో మంట. ఇదే అంబులెన్స్. షాక్ తగ్గడానికని ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణాలతో ఇంటికొచ్చాడు. కానీ ఆ పూట ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. నెల తిరక్కుండా అతని డిజైన్ సరిహద్దు దాటింది."

"నోరు విప్పించే మందు."

"అబ్రహాం గుండె దానికి తట్టుకోలేదు. చేయించింది విదేశీ ముఠా. మన ఫైళ్ళలో దాని పేరు కొలిమి. అంబులెన్స్ నడిపేది డాక్టర్ ఆర్థర్ అనేవాడు. ఆ స్ట్రిప్ నడిపే ఫ్లయింగ్ క్లబ్‌కి ఫ్రీ సర్వీసు. అతని పైవాడు ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు."

"వీళ్ళని అసలు చిన్న విమానాల్లో ఎందుకు పంపుతున్నారు?"

"పెద్ద విమానంలో పాసింజర్ల పేర్లు బయటికి పొక్కుతాయి. చిన్నదాంట్లో పేరుండదు."

"ఈ తెలివి ఎవరిది?"

దేవానందం ఆ ప్రశ్న విననట్టు సొరుగు తెరిచాడు. టేబుల్ మీద ఒక ఫొటో జరిపాడు. పైలట్ యూనిఫాం, నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకున్న యువతి. ఫొటో తీసేవాణ్ణి తనే నిలబెట్టి తీయించుకున్నట్టుంది ఆ చూపు.

"హిమజ. క్లబ్‌లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. రెండుసార్లూ పైలట్ ఆమే. కొలిమి ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె మన మనిషి. ఆమె రిపోర్టు ప్రకారం రెండు మంటలూ ఒకేలా పుట్టాయి. ప్రయాణం ముందు విమానానికి కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు. కారిన పెట్రోల్‌కి కర్పూరం అంటుకుంది. కొలిమి ఆ ఆచారాన్నే అడ్డం పెట్టుకుంటోందట."

కాలేబు ఫొటో వెనక్కి జరిపాడు. "ఈసారి ఎవరు ఎక్కుతున్నారు?"

దేవానందం కిటికీ వైపు చూశాడు. "డాక్టర్ సువార్త."

కాలేబు కుర్చీలోంచి లేచాడు.

సువార్త అతని మరదలు. చనిపోయిన భార్య ఎమిలీకి చెల్లెలు. క్షిపణిని చివరి క్షణంలో దారి మళ్ళించే సంకేతం ఆమె తయారుచేసిందే. అది కాగితం మీద లేదు, కంప్యూటర్లో లేదు. ఆమె తలలో ఉంది.

ఎమిలీ మంచం పట్టినప్పుడు కాలేబు పరాయి దేశపు రేవులో రొయ్యల వ్యాపారి వేషంలో ఉన్నాడు. కబురు దేవానందానికి అందింది. మిషన్ చెడుతుందని దాచాడు. సమాధి మీద మట్టి ఆరాక కాలేబుకు తెలిసింది. దాన్ని అతను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. సువార్త అయితే బావ ఇన్సూరెన్స్ పని మీద బొంబాయిలో ఉండి, పెళ్ళాం చావుకి కూడా రాలేదనుకుంటుంది. ఆమె అతన్ని క్షమించలేదు.

"నన్నే ఎందుకు?"

"మరదలి పక్కన బావ కూర్చుంటే ఎవడూ అనుమానించడు."

దేవానందం చొక్కా బొత్తాం లాంటి నల్లటి బిళ్ళ ఒకటి అతని అరచేతిలో పెట్టాడు. "వెనక జిగురుంది. ఆమె చేతిసంచికి అంటించు. ఎక్కడున్నా మాకు స్క్రీన్ మీద కనిపిస్తుంది. జాగ్రత్త కోసం."

ఆ చివరి రెండు మాటలూ అనడానికి ముందు చీఫ్ గొంతు సవరించుకున్నాడు. కాలేబు అది గమనించాడు.

మర్నాడు పొద్దున అతను ఎయిర్‌స్ట్రిప్‌లో ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా దిగాడు. జుట్టుకు చవక రంగు, చంకలో రెగ్జిన్ బ్యాగు, చెవి మీద బాల్‌పెన్ను. ఆ వేషం అతనికి చర్మంలా అతుక్కుపోయి చాలా కాలమైంది. చుట్టాలందరికీ అతను ఇన్సూరెన్స్ కాలేబే.

విమానాలు నిలిపే హ్యాంగర్ ముందు హిమజ ఒక స్టూడెంటుకు పాఠం చెబుతోంది. స్టూడెంటు పౌల్ట్రీ వ్యాపారి. పొట్ట సీటుబెల్టుకు ఎదురు తిరుగుతోంది.

"స్టార్ట్ చేసేటప్పుడు ముక్కుల మంటొచ్చింది. ఏం జేస్తరు సేట్?"

"దూకుతా మేడమ్."

"దూకితే విమానం బూడిదైతది. కోట్ల మాల్."

"నా పానం కన్నా ఎక్కువనా మేడమ్?"

"అరె, వినుండ్రి జెర. మంటొస్తే స్టార్టర్ ఆపొద్దు. తిప్పుతనే ఉండాలె. తిరిగినంతసేపు ఇంజిన్ గాలి గుంజుకుంటది. గాలితో మంటను సుత లోపలికి గుంజుకుంటది. పెట్రోల్ బంద్ చేయాలె, థ్రాటిల్ పిడి ఫుల్‌గ ముంగటికి తోయాలె. మంట లోపల్నే సచ్చిపోతది. అప్పుడు దిగుండ్రి, నిమ్మళంగ."

"మంట ముంగట నిమ్మళంగ కూసునుడు మా ఇంట్ల నా భార్య ముంగట ప్రాక్టీసే మేడమ్."

హిమజ పకపకా నవ్వింది. నవ్వుతూనే కాలేబు వైపు తిరిగింది. దగ్గరకొచ్చి, ఎవరూ వినకుండా కోడ్ మాట చెప్పింది. "మాత్రలు తియ్యగా లేవంటగా?"

"చేదువి పైన ఉన్నాయి."

"నన్ను చూసినంక అందరూ మొదాలు నవ్వుతరు. మీరు నా చేతుల దిక్కు చూస్తున్నరు."

"ఇన్సూరెన్స్ వాళ్ళం. జరిగిన నష్టం ఎక్కడుందో అక్కడ చూస్తాం."

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది. "భయపడకుండ్రి. మీ సైంటిస్ట్ మేడమ్‌ను పువ్వులెక్క చూసుకుంట."

ఆమె వెళ్ళాక కాలేబు కాసేపు అక్కడే నిలబడ్డాడు. స్టార్టర్ ఆపొద్దని స్టూడెంట్లందరికీ నేర్పే మనిషి. రెండుసార్లు మంటొచ్చింది. రెండుసార్లూ స్టార్టర్ వదిలేసి దూకింది. పౌల్ట్రీ సేటు దూకితే భయం. ఇన్‌స్ట్రక్టర్ దూకితే?

మెకానిక్ బ్రహ్మచారి హ్యాంగర్ లోపల చేతులు తుడుచుకుంటున్నాడు. కాలేబు బీడీ కట్ట తీశాడు.

"ఈడ వద్దు సార్. బయటికి పోదాం పాండ్రి. ఇప్పటికే రెండు అంటుకున్నయ్, నౌకరీ పోతే మీరిస్తరా?"

బయట వేపచెట్టు కింద కాలేబు అడిగాడు. "మంట ఎందుకు పుడుతుంది?"

"స్టార్ట్ చేసే ముంగట థ్రాటిల్ ముందుకెనక్కి కొడితే ఇంజిన్ల పెట్రోల్ చిమ్ముతది సార్. ఒకటి రెండు సార్లు కొడ్తె మందులెక్క పనిజేస్తది. జాస్తి కొడితే పెట్రోల్ కిందికి కారి నిలుస్తది. అప్పుడు కీ తిప్పితే ఇంజిన్ ఎనక్కి తుమ్ముతది. తుమ్ముల నిప్పుంటది."

"మరి హారతి కర్పూరం?"

"మొదటిసారి ఇచ్చిన్రు సార్. కానీ పళ్ళెం విమానం తోక కాడుంది. రెక్క దాటి రానియ్యలే."

"అబ్రహాం గారప్పుడు?"

బ్రహ్మచారి బీడీ పొగ వదిలాడు. "ఆ పెద్దాయనకు హారతి ఏంది సార్? మీరు సుత అదే మతం గదా. పంతులు పళ్ళెం పట్టుకొనొస్తే దండం పెట్టి, 'మాకు అలవాటు లేదు బాబూ, మీరు ఏమనుకోవద్దు' అన్నడు. కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకున్నడు. మస్తు సేపు చేసిండు. నా చాయ్ చల్లగైంది."

కాలేబుకు ఆ సంగతి అడక్కుండానే తెలిసుండాల్సింది. అబ్రహాం మెట్టుగూడ చర్చి సంఘంలో పెద్ద. ఎమిలీ సమాధి దగ్గర వాక్యం చదివింది ఆయనేనట. అలాంటి మనిషి విమానానికి హారతి ఇప్పించాడంటే ఆ సంఘంలో చిన్నపిల్లలు కూడా నమ్మరు. మొదటి మంటకు అల్లిన కట్టుకథనే రెండోదానికీ తొడిగారు. ఎవరి ఆచారం ఏమిటో కనుక్కునే ఓపిక కూడా లేదు.

రిపోర్టు రాసింది హిమజ.

మధ్యాహ్నానికి కాలేబు పద్మారావు నగర్ మెట్లు ఎక్కాడు. కోడ్ చెప్పడం మర్చిపోయాడు. కాంపౌండర్ అతని ముఖం చూసి దారి వదిలాడు.

"హిమజ మనకు అబద్ధం చెప్పింది. మంట ఆమే పెడుతోంది. థ్రాటిల్‌తో."

దేవానందం కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "తెలుసు."



"ఎప్పటి నుంచి?"

"అబ్రహాం చనిపోయిన రోజు నుంచి. ఆమె రెండువైపులా జీతం తీసుకుంటోంది. మనం నమ్ముతున్నామని ఆమె నమ్మాలి. రేపు మంట వస్తుంది. సువార్తను అంబులెన్స్ ఎక్కిస్తారు. బొత్తాం వెంట మేం వెళ్తాం. ఆర్థర్ పైవాడు దొరుకుతాడు."

"అంబులెన్స్‌లో ఇంజెక్షన్ ఇస్తారు."

"డోసు తగ్గించారట."

"ఎవరు చెప్పారు?"

దేవానందం కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "హిమజ."

 "ఫ్లైట్ ఆపండి," అన్నాడు కాలేబు.

"ఆపితే కొలిమి మాయమవుతుంది. ఇంకో ఊళ్ళో, ఇంకో స్ట్రిప్‌లో మొదలవుతుంది. ఇది ఆర్డర్, కాలేబూ. ఆమె దిగుతుంది, అంబులెన్స్ ఎక్కుతుంది. నువ్వు అడ్డుపడవు."

"సరే."

కాలేబు సరే అన్నాడంటే ఒప్పుకున్నట్టు కాదు. పాతికేళ్ళుగా తెలిసిన దేవానందానికి అది తెలియాలి. ఆ రోజు చీఫ్ తొందరలో ఉన్నాడు.

సాయంత్రం అతనికి ఒకచోట కాలు నిలవలేదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పక్కగా నడిచాడు. టీ చెప్పి తాగకుండా వదిలేశాడు. బస్సెక్కి, టికెట్ తీసుకుని, తర్వాతి స్టాపులోనే దిగాడు. చివరికి సీతాఫల్‌మండిలో సువార్త ఉండే సందు మొదట్లో తేలాడు. చెప్పేయొచ్చు. రేపు రావద్దని ఒక్క మాట. కానీ ఎందుకని అడుగుతుంది. చెప్తే నమ్మదు. నమ్మితే వాళ్ళ లాబ్‌కి ఫోన్ చేస్తుంది. లాబ్ దేవానందానికి చేస్తుంది. ఇంకో వారం ఆగి, కాలేబు లేని రోజు చూసి ఎక్కిస్తారు.

మేడ మీద బట్టలు తీస్తున్న సువార్త కనిపించింది. నడుం మీద చెయ్యి వేసుకుని వంగడం అచ్చం ఎమిలీలాగే. అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు.

తెల్లారింది. స్ట్రిప్ మీద మంచు ఇంకా విడలేదు. సువార్త చేతిసంచీ చంకన పెట్టుకుని కారు దిగింది. కాలేబును చూసి ఆగిపోయింది.

"నువ్వా? నువ్విక్కడేంటి?"

"ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్షన్. రెండు మంటలయ్యాయి కదా. ఈ ట్రిప్పులో నేనూ వస్తున్నా."

"బాగుంది. అక్క పోయినప్పుడు రావడానికి తీరలేదు. విమానం కాలిందంటే మాత్రం తెల్లారేసరికి వాలిపోయావు."

కాలేబు చెవి మీది బాల్‌పెన్ను సరిచేసుకున్నాడు.

"తిన్నావా?" అంది ఆమె. అడిగినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది, ముఖం తిప్పేసుకుంది.

హిమజ తోలు జాకెట్లో వచ్చింది. కాలేబు ముందుకెళ్ళి ఆమె హెడ్‌సెట్ అందించాడు. వైరు జాకెట్ కాలర్‌కి చిక్కుకుంది. చిక్కు తానే తీశాడు. తీస్తూ ఆ నల్ల బొత్తాన్ని కాలర్ మడతలో నొక్కి అంటించాడు. సువార్త చేతిసంచీ వైపు చూడను కూడా లేదు.

"షుక్రియా," అంది హిమజ. "నేర్చుకుంటున్నరు మెల్లమెల్లగ."

హిమజ ఎడమ సీటు. కాలేబు కుడి సీటు. సువార్త వెనక. హ్యాంగర్ పక్కన తెల్ల అంబులెన్స్, దాని మెట్టు మీద తెల్లకోటు డాక్టర్ ఆర్థర్ సిగరెట్ తాగుతున్నాడు. గేటు బయట దేవానందం మనుషులు చెరకు రసం బండి దగ్గర గుంపుగా నిలబడ్డారు. అంత చలిలో చెరకు రసం తాగే వాళ్ళని చూస్తే ఎవడికైనా అనుమానం రావాలి. కొలిమికి రాలేదు. వాళ్ళ దగ్గరా మన డిపార్ట్‌మెంటు లాంటిదే ఉన్నట్టుంది.

హిమజ చెయ్యి థ్రాటిల్ మీదికి వెళ్ళింది. ముందుకు, వెనక్కి. ముందుకు, వెనక్కి. కాలేబు లెక్కపెట్టడం మానేశాడు. క్యాబిన్‌లోకి పెట్రోల్ వాసన వచ్చింది.

ఆమె రేడియోలో అంది. "స్టార్టింగ్."

చేతివేళ్ళు కీ మీదికి వెళ్ళాయి.

"ఒక్క నిమిషం మేడమ్," అంది వెనక నుంచి సువార్త. "ప్రయాణం కదా. ప్రార్థన చేసుకుందాం."

హిమజ వేళ్ళు గాల్లో ఆగాయి. "మనసుల చేసుకోండి మేడమ్. టైమైతుంది."

"మనసులో చేసుకునేది వేరు. ఇది ప్రయాణానిది." సువార్త అప్పటికే కొంగు తల మీద కప్పుకుంది. "పరలోకమందున్న మా తండ్రీ..."

కాలేబు తల వంచాడు. కళ్ళు మాత్రం మూయలేదు.

సువార్త కుటుంబంలో ప్రార్థన పొట్టిగా చేయడం ఎవరికీ రాదు. వాతావరణం కోసం ప్రార్థించింది. పైలట్ చేతుల్ని దీవించమంది. హిమజ ఆ చేతుల్ని ఒళ్ళోకి లాక్కుంది. మెకానిక్కుల్నీ, వాళ్ళ పిల్లల్నీ, దేశాన్ని ఏలేవాళ్ళనీ, రోగుల్నీ, విధవరాండ్రనీ వరసగా తలచుకుంది. ఆమేన్ దగ్గరపడిందనిపించింది. గాలి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"దారి తప్పిన మా బావను కూడా ప్రభువా... అతను అబద్ధాల్లో బతుకుతున్నాడు. అక్కను చూసుకోని మనిషి. అయినా నీ దయ..."

హ్యాంగర్ వైపు సైరన్ మోగింది.

వాళ్ళ ఏర్పాటు అదే. రేడియోలో 'స్టార్టింగ్' అని వినపడగానే అంబులెన్స్ కదలాలి. మంట చూసి బెదిరిన మనిషికి ఆలోచించే తీరిక ఇవ్వకూడదు. సువార్త ప్రార్థన వాళ్ళ లెక్కలో లేదు. అబ్రహాం ప్రార్థన కింద నిలబడి చేసుకున్నది. ఇది రేడియో తర్వాత వచ్చిపడింది.

అంబులెన్స్ లైట్లు తిప్పుకుంటూ వచ్చి విమానం పక్కన కీచుమని ఆగింది. మంట లేదు. పొగ లేదు. డ్రైవరు తల బయటపెట్టి చూశాడు.

"ఏందిరా భయ్, ఎవరికేమైంది?" అని అరిచాడు బ్రహ్మచారి.

"మంట... మంటంట గదా!"

"యాడ మంట? ఇంజిన్ స్టార్టే కాలేదు. నీకు కలొచ్చిందా?"

ఆర్థర్ మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి బిగుసుకుపోయాడు. కాలేబు తిరిగి హిమజ ముఖంలోకి చూశాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. ఇద్దరికీ ఇంక దాచడానికేమీ లేదు.

"ఆమేన్," అంది సువార్త.

హిమజ కీ తిప్పింది.

ప్రొపెల్లర్ ఒక్క ఊపు ఊగింది. ఢామ్మని ఇంజిన్ తుమ్మింది. ప్రార్థన జరిగినంతసేపూ కారి నిలిచిన పెట్రోల్ ఒక్కసారిగా అంటుకుంది. వాళ్ళు అనుకున్న మంట చిన్నది. ఇది చిన్నది కాదు. అద్దం మీదంతా నారింజ రంగు పాకింది.

"దిగుండ్రి! బయటికి ఉరకుండ్రి!" హిమజ అరుస్తూ కీ బయటికి లాగబోయింది. కాలేబు ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక కలుక్కుమంది.

"కీ ఇక్కడే ఉండాలి. నువ్వు పో."

ఆమె తలుపు తన్ని దూకింది. కాలేబు ఎడమ సీటు మీదికి అడ్డంగా వాలాడు. పెట్రోల్ అందించే ఎర్ర నాబ్ బయటికి లాగాడు. నేల మీది వాల్వు మూశాడు. థ్రాటిల్ చివరిదాకా తోశాడు. కీ తిప్పి పట్టుకున్నాడు.

స్టార్టర్ మూలిగింది. ప్రొపెల్లర్ మెల్లగా తిరగసాగింది.

"బావా! మంట!"

"తెలుసు. కూర్చో."

"పిచ్చా నీకు? తలుపు తియ్యి!"

కుడి తలుపు తెరుచుకుంది. బయటి నుంచి. ఆర్థర్ తల లోపలికి పెట్టాడు. తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు, నమ్మకం పుట్టించే పెద్దరికపు గొంతు.

"రండమ్మా, జల్దీ రండి. పరేషాన్ కావద్దు. చెయ్యి ఇవ్వండి."

సువార్త చెయ్యి చాచింది.

"వాడితో పోవద్దు," అన్నాడు కాలేబు. తల తిప్పలేదు. తిప్పితే కీ జారుతుంది. మంట వేడికి అద్దం పిటపిటమంటోంది. "నా మాట విను. కదలొద్దు."

"నీ మాటా? నువ్వెప్పుడైనా ఉండాల్సిన చోట ఉన్నావా బావా?"

"ఇప్పుడున్నాను."

స్టార్టర్ గొంతు బొంగురుపోతోంది. బ్యాటరీ అయిపోవస్తోంది. మంట సగమే తగ్గింది. ఆర్థర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి కోటు జేబులోంచి బయటికొచ్చింది. అందులో సూది.

సువార్త ఆ సూది చూసింది. తన చేతిని చూసుకుంది. ఎక్కడా కాలలేదు, ఎక్కడా తగల్లేదు. మంటలో ఉన్న మనిషిని ముందు బయటికి లాగుతారు. సూది ముందు తియ్యరు.

ముందు సీట్ల మధ్య మంటలార్పే చిన్న ఎర్ర సిలిండరు ఉంది. ఆమె దాన్ని పెరికింది, పిన్ను లాగింది, డాక్టర్ ఆర్థర్ ముఖం మీద మొత్తం ఖాళీ చేసింది. అతను గావుకేక పెట్టాడు. ఖాళీ అయిన సిలిండరుతో నెత్తి మీద ఒక్కటి వేసింది. అది అవసరం లేదు. అయినా వేసింది.

ప్రొపెల్లర్ ఇంకో చుట్టు తిరిగింది. ఇంకో సగం. అద్దం మీది నారింజ రంగు కిందికి జారింది. ఇంజిన్ చివరి మంట నాలుకను గుటకేసినట్టు లోపలికి లాక్కుంది. స్టార్టర్ టక్‌మని ఆగింది. బ్యాటరీ చచ్చిపోయింది.

బ్రహ్మచారి పెద్ద సిలిండరుతో పరిగెత్తుకొచ్చాడు. ముక్కు మీద పొడి చల్లాడు. తర్వాత కింద దొర్లుతున్న ఆర్థర్‌ను చూశాడు. ఏం చేయాలో తోచక అతని వీపు మీద కూర్చున్నాడు.

"గితను మంచోడా, చెడ్డోడా సార్?"

"లేవకు," అన్నాడు కాలేబు.

హిమజ విరిగిన మణికట్టు పట్టుకుని అంబులెన్స్ ఎక్కేసింది. డ్రైవరు గేటు గుద్దుకుని పోయాడు. గేటు బయట చెరకు రసం గ్లాసులు నేలపాలయ్యాయి.

కాలర్‌లో బొత్తాంతో ఆమె తిన్నగా ఆర్థర్ పైవాడి దగ్గరికే పోయింది. ఇంకెక్కడికి పోతుంది? పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక ఫంక్షన్ హాలు వెనక గదిలో, వంటపాత్రల మధ్య వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ఒక విదేశీయుడు క్యాటరర్ వేషంలో దొరికాడు. అతని ఏప్రాన్ మీద పసుపు మరకలు సహా వేషం పర్‌ఫెక్ట్‌గా ఉందట. వంట మాత్రం రాదట.

దేవానందం ఫోన్ చేశాడు.

"బొత్తాం ఎవరికి పెట్టావు?"

"మీ మనిషికి."

"నేను సువార్తకు పెట్టమన్నాను."

"విన్నాను."

"ఆర్డర్ మీరావు. నీ మీద ఎంక్వైరీ వేయాలి."

"వేయండి. అబ్రహాం పేరు కూడా అందులో రాయండి. ఎమిలీ పేరు కూడా."

 కాలేబు ఫోన్ పెట్టేశాడు.

కాలేబు సువార్తను ఎక్కించుకుని జీపు సీతాఫల్‌మండి వైపు తిప్పాడు. ఆమె చీరంతా తెల్లపొడి. కాలేబు కనుబొమలు కమిలిపోయాయి.

"ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇవన్నీ నేర్పిస్తారా?"

"నేర్పిస్తారు."

"ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టడం?"

"అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుంది."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "అక్క పోయినప్పుడు బొంబాయిలో ఉన్నానన్నావు."

కాలేబు గేరు మార్చాడు. అక్కడ గేరు మార్చక్కర్లేదు.

"బొంబాయి కాదు."

"మరెక్కడ?"

"చెప్పకూడదు."

"కబురు అందలేదా నీకు?"

"అందనివ్వలేదు."

సువార్త కొంగుతో ముఖం తుడుచుకుంది. పొడి తుడుచుకుందో ఇంకేం తుడుచుకుందో అతను చూడలేదు. సందు మొదట్లో జీపు ఆపాడు. ఆమె దిగింది. తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోను."

"లోపలికి రా. ఉప్మా చేస్తా. నువ్వు పొద్దున తినలేదు, నాకు తెలుసు."

అతను తాళం తీసుకుని దిగాడు. రెండడుగులు నడిచాక ఆమె ఆగి, వెనక్కి తిరిగి, పోలీసులా చూసింది.

"ఆ పైలట్ పిల్ల చాలా అందంగా ఉంది కదూ?"

"నేను గమనించలేదు."

సువార్త ఆ ఉదయం మొదటిసారి నవ్వింది. "అక్క ఊరికే అనలేదు. నీకు అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు బావా."

అతన్ని రొయ్యల వ్యాపారి అని, తివాచీల ఏజెంటు అని, ఒకసారి పళ్ళ డాక్టరు అని కూడా నమ్మి స్టాంపు వేసి పంపిన దేశదేశాల పోలీసులు ఆ మాట వినుంటే చాలా నొచ్చుకునేవాళ్ళు.